వాట్లు చూసి సంబంధం కలుపుకుంటారా?

మిక్సీ కొనాలంటే నాలుగు షాపులు తిరిగి, జార్ మూత బిగుతు దాకా పట్టి చూస్తాం. అదే లక్షలు పోసి పాటల సెట్ కొనేటప్పుడు మాత్రం "మీకు తెలిసింది తీసుకోండి" అని వంటింట్లోకి వెళ్లిపోతాం. తీరా అది వచ్చాక రోజంతా ఇంట్లో ఉండి వినేది ఎవరండీ? మనమూ, పెద్దవాళ్లూ. అందుకే ఈసారి మా ఇంట్లో ఆ లెక్క నేనే పట్టుకున్నాను.

చిట్టీ ఎత్తిన డబ్బులోంచి రెండున్నర లక్షలు మా ఆయన దీనికోసం పక్కన పెట్టారు. చిన్న మొత్తమేమీ కాదు, నెలనెలా కట్టిన డబ్బు. గోదావరిఖని నుంచి మా మరిది వస్తే ఇక మాటలన్నీ దీని మీదే. "వదినా, రెండు వందల వాట్ల ఆంప్లిఫైయర్ తీసుకుందం. మల్ల చూసుకునే పనే ఉండది" అంటాడు. నేనడిగేది ఒక్కటే: ఏ స్పీకరుకు?

పాత వాల్వు రేడియోల్లో ఈ తంటా లేదు. ఒకే చెక్కపెట్టెలో అన్నీ ఉండేవి. వాల్వుకూ స్పీకరుకూ పొత్తు కుదిరేలా మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, కంపెనీవాడే జత కలిపి పంపేవాడు. ఇప్పుడు ఒక్కో డబ్బా ఒక్కో కంపెనీది. రెండూ విడివిడిగా బంగారంలాంటివే కావచ్చు, కలిపితే పొసగాలని లేదు.

స్పీకరుతో వచ్చే కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా వినిపిస్తుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె అది. ఒకటి 84, ఇంకోటి 90 అనుకోండి. ఆరే కదా తేడా అనిపిస్తుంది. కానీ 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. ఆరు పెరగాలంటే నాలుగింతలు. అంటే 90 స్పీకరు 25 వాట్లతో చేసే పనికి 84 స్పీకరుకు 100 వాట్లు పోయాలి. ఒక కందిపప్పు రెండు విజిళ్లకే మెత్తబడుతుంది, ఇంకోటి ఎనిమిది వచ్చినా పలుకు పోదు. పప్పు సంగతి తెలుసుకోకుండా పెద్ద స్టవ్ కొంటామా?

ఆ కాగితంలోనూ ఒక కిటుకు ఉంది. చాలా కంపెనీలు ఆ అంకెను 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తాయి. 8 ఓంల స్పీకరుకు అది ఒక వాటే, 4 ఓంల దానికి రెండు వాట్లు. కాబట్టి 4 ఓంల స్పీకరు పక్కన రాసిన అంకెలోంచి మూడు తీసేసి పోల్చుకోవాలి.

ఈ ఓంలే రెండో సంగతి. ఓంలు తగ్గితే ఆంప్లిఫైయర్ మీద బరువు పెరుగుతుంది. 4 ఓంల స్పీకరు 8 ఓంల దానికన్నా రెట్టింపు కరెంటు లాగుతుంది. 8 ఓంలవే రెండు జతలు పక్కపక్కన కలిపినా అంతే. ఆంప్లిఫైయర్ వెనక "8 ఓంలకు తగ్గకూడదు" అని రాసి ఉంటే నమ్మండి. రామగుండం వైపు మే నెల ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా? ఆ వేడిలో, అద్దాల షోకేసులో మూసిపెట్టిన ఆంప్లిఫైయర్‌కు తగని స్పీకరు తగిలిస్తే అది కాలక ఏం చేస్తుంది?

అలాగని చిన్నది తెచ్చి గొంతు చించుకునేలా పెంచడమూ మంచిది కాదు. శక్తికి మించి లాగితే శబ్దం చీలిపోతుంది, ముందు మాడేది ట్వీటరే. మన హాలెంత, మన వినికిడెంత చూసుకోవాలి. మామూలు మాటలు 60 డెసిబెల్స్ ఉంటాయి, మనసారా పాట వినడానికి 75 చాలు. 87 సెన్సిటివిటీ స్పీకర్లకు హాల్లో అది ఒక్క వాటు లోపు పని. డప్పు దెబ్బ పడిన క్షణానికి ముప్పై నలభై ఇంతలు కావాలన్నా, నికరంగా 50 వాట్లుంటే గెలిచినట్టే. నికరం అంటే ఆర్‌ఎంఎస్ లెక్క. డబ్బా మీద పీఎంపీఓ అని వేలల్లో వేసే అంకెను చూడనే చూడకండి.

నాకు అసలు పట్టింపు మా మామయ్య గురించి. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. అలాంటి మోతలో బతికినవాళ్లకు మొదట పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల సన్న శబ్దాలు. స, త, ప లాంటి అక్షరాలు తెలిసేది ఆ సన్న శబ్దాల వల్లే. అందుకే ఆయన "వినవడ్తలేదు" అనరు, "మాట సమజైతలేదు" అంటారు. ఘంటసాల పాట పెట్టి వాల్యూమ్ పెంచితే ఆయనకు మోత పెరుగుతుంది, మాట కాదు. ఆయనకు కావలసింది గొంతును స్పష్టంగా పలికే స్పీకరు. పైగా ఉన్న వినికిడిని కాపాడాలి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు, 88లో నాలుగే, 91లో రెండే అని అమెరికా నియోష్ సంస్థ హద్దు పెట్టింది. వాట్లు రెట్టింపు చేసే ఆ మూడు డెసిబెల్సే ఇక్కడ గంటలను సగం చేస్తాయి. రెండు వందల వాట్ల ముచ్చట వచ్చినప్పుడల్లా నేను మామయ్య కుర్చీ వైపు చూపిస్తాను.

ఇక గది. మా కరీంనగర్ ఇళ్లలో నేలంతా గ్రానైటే. మన టాన్ బ్రౌన్ రాయి దేశాలు దాటి పోతుంటే ఇంట్లో వేసుకోకుండా ఉంటామా! కానీ నున్నటి రాయి, పైన స్లాబు, ఎదురుగా అద్దాల అల్మారా ఉంటే ఎంత ఖరీదు స్పీకరైనా పెళ్లి పందిట్లో మైకులా మోగుతుంది. ఆదిలాబాద్ పత్తి పరుపు ఒకటి దివాన్ మీద వేసి, కిటికీలకు మందపాటి పరదాలు, నేల మీద జంపఖానా పరిస్తే మాట తేటపడుతుంది. పదివేలకు మించని ఈ పని, ఆంప్లిఫైయర్ మీద అదనంగా పోసే యాభైవేలకన్నా మేలు చేస్తుంది. ఈ మాటంటే మా మరిదికి కోపం. పరదాల ముచ్చట ఆడవాళ్లదట!

నా లెక్క ఇది. ముందు మామయ్యకు మాట తెలిసే స్పీకర్లు, రెండున్నర లక్షల్లో లక్షన్నర దాకా వాటికే. వాటి ఓంలకు, సెన్సిటివిటీకి సరిపడే ఆంప్లిఫైయర్‌కు అరవై వేలు. వైర్లు, పరదాలు పోను మిగిలింది మళ్లీ బ్యాంకులోకి. షాపులో ఏసీ గదిలో, వాళ్లు పెట్టిన పాట విని ఒప్పుకునేది లేదు. మన పాట, మన హాలు, మామయ్య తన కుర్చీలో. రెండు రోజులు ఇంట్లో పెట్టి వినిపిస్తామన్న షాపుకే పైసలు. హైదరాబాద్ షాపాయన కుదరదన్నాడు, వరంగల్‌లో ఒకాయన వచ్చే ఆదివారం తెస్తానన్నాడు.