పంటి పునాదిని కాపాడుకొనవలెను

పన్ను ఊడుట వార్ధక్యమునకు సహజమని పలువురు తలంతురు. ఇది సరికాదు. పంటిని దవడలో నిలుపునవి చిగురు, దవడ యెముక, వేరుపైనుండు సిమెంటమ్ అను పలుచని పొర, ఆ పొరను ఎముకతో బంధించు నారపోగులు. పంటిపాచి పేరుకొని గార కట్టినచో చిగుళ్లు వాచి, ఈ పునాది క్రమముగా క్షీణించును. నొప్పి అంతగా ఉండదు గనుక రోగి మేలుకొనునప్పటికి పన్ను కదలుచుండును.

క్షీణించిన పునాదిని మరల పెంచవచ్చునా? కొంతవరకు వచ్చును. 1982లో స్వీడన్ వైద్యులు చిగురునకును వేరునకును నడుమ పలుచని తెర నుంచి, నారపోగుల కణములు తిరిగి పెరుగుటకు తావు కల్పించిరి. 2004లో ఆ పోగులలో మూలకణములు గలవని అమెరికాలోని పరిశోధకులు వెల్లడించిరి. అట్టి కణములను పరంజావంటి ఆధారముపై నాటి పెంచు విద్యయే టిష్యూ ఇంజనీరింగు. తెర చికిత్స వాడుకలో నున్నది. మూలకణముల చికిత్స ఇంకను చాలవరకు పరీక్షల దశలోనే యున్నది.

అండమాన్ నికోబార్ దీవులలో వక్క, పొగాకు నమలు అలవాటు మెండు. ఆంధ్రతీరమునుండి పోయి అచట స్థిరపడిన తెలుగువారును ఈ సంగతి గమనింపవలెను. దూరపు దీవులవారు వైద్యమునకై తరచు ఓడనెక్కి, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడిన శ్రీ విజయపురమునకు రావలసి యుండును. అట్టిచోట కొత్త చికిత్సకై వేచి నేటి శుభ్రతను విడుచుట తగదు. పొగాకు మానని నోట, పాచి తొలగని పంటిచుట్టు, ఎంత గొప్ప చికిత్సయైనను చక్కగా ఫలింపదు.

కనుక పరిశోధన సాగవలెను. దానితోపాటు గార తీయు సాధనములతో దంతవైద్యుడు దీవిదీవికి పోవలెను. ప్రజలు ఉదయము, రాత్రి పండ్లు తోముకొనవలెను. తోమునపుడు నెత్తురు కనిపించినచో, పన్ను కదలువరకు ఆగక వైద్యునికి చూపవలెను. పోయిన పునాదిని మరల కట్టుటకంటె ఉన్నదానిని కాపాడుకొనుట సులభము.