‘సర్వర్ బిజీ’ అంటే సరిపోతుందా?

చర్ల: వేలిముద్ర వేశాక మిషన్ తెరపై చక్రం తిరుగుతూ ఉండిపోవటం ఈ ప్రాంతంలో కొత్త సంగతి కాదు. సిగ్నలు పోతుంది. ఖాతాలో వెయ్యి రూపాయలు తగ్గినట్లు ఫోనుకు కబురొస్తుంది, చేతికి పైసా రాదు. మిరప కూలి మానుకుని వచ్చిన వారికి "సర్వర్ బిజీ, రేపు రండి" అన్న మాటే దక్కుతోంది.

సర్వర్ అంటే మరేమీ కాదు, దూరాన ఉన్న లెక్కల కంప్యూటరు. 1970లో ఐ.బి.ఎం.లో పనిచేసిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పద్ధతిలో అందులో లెక్కలు పట్టికలుగా ఉంటాయి. ఒక ఖాతాలో తగ్గించటం, మరో ఖాతాలో కలపటం రెండూ పూర్తికావాలి, లేదా రెండూ రద్దుకావాలి. లావాదేవీ మధ్యలో ఆగితే ఆ వరుసకు తాళం పడి, అదే వరుసను మార్చవలసిన తర్వాతి లావాదేవీ వేచి ఉంటుంది. తాలిపేరు కాల్వ తూము మూసి, తాళంచెవి జేబులో వేసుకుని ఎవరో సంతకు పోయినట్లు! దిగువ మడికి నీరందదు.

కంప్యూటరు దీన్ని దాచదు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ వంటి వ్యవస్థల్లో నడుస్తున్న లావాదేవీల జాబితా ఎప్పుడూ సిద్ధమే. ఏది ఎప్పుడు మొదలైంది, ఏది దేనికోసం ఆగింది అన్నీ కనిపిస్తాయి. చూసే మనిషి ఉండాలి. పని చేస్తూ ఆలస్యమయ్యేది వేరు, మొదలుపెట్టి ఊరికే కూర్చున్నది వేరు. రెండోదాన్ని తెంచితే లెక్క పాత స్థితికి వస్తుంది. తొందరపడి మొదటిదాన్ని తెంచితే గంటల పని వృథా.

వేలిముద్ర చెల్లింపులో మరో చిక్కుంది. ఖాతా ఒక బ్యాంకుది, మిషన్ మరో బ్యాంకుది కావచ్చు. ఎవరి పట్టిక వారిది. ఒకచోట పూర్తయి రెండోచోటికి కబురు చేరకపోతే, ఇరువైపులా సరిచూసేదాకా సొమ్ము తేలదు. ఇందుకే రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువు పెట్టింది. లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో సొమ్ము తిరిగి జమకావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలి. ఈ సంగతి ఎన్ని సెంటర్ల గోడలపై రాసి ఉంది?

నగరంలో కూర్చుని అధికారులు చూసే జాబితాలో కూలివాని వెయ్యి రూపాయల వరుస కూడా ఉంటుంది. అది పూర్తయిందా, ఆగిందా, రద్దయిందా అన్నది లావాదేవీ నంబరుతో సహా చీటీపై అచ్చువేసి ఇవ్వటం పెద్ద పనికాదు. చీటీ ఇవ్వకుండా మళ్ళీ వేలు పెట్టమనటం మానాలి. రెండోసారి కోత పడే ప్రమాదముంది. బ్యాంకు మేనేజర్లు సెంటర్లకు ఈ మేరకు ఆదేశాలివ్వాలి. చదువురాని కోయ వృద్ధులకు చీటీలో ఏముందో నోటితో, వారి భాషలో చెప్పే ఏర్పాటు కూడా ఉండాలి.