పట్టా ఒకరిది, దుక్కి ఒకరిది

పెట్టుబడి సాయం జమ అయిందని హైదరాబాద్‌లో ఉన్న ఉద్యోగి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఊళ్లో ఆయన భూమి దున్నుతున్న మనిషి అదే రోజు విత్తనాల దుకాణం ముందు ఉద్దెర కోసం నిలబడి ఉంటాడు. ఇందులో ఉద్యోగి చేసిన తప్పేమీ లేదు. పాసుపుస్తకం ఉన్నది కాబట్టి పైసలొచ్చినయి. దున్నేటోనికి అది లేదు కాబట్టి రాలేదు. పథకం రాసిన తీరే అది.

2018 మే 10న హుజూరాబాద్‌ దగ్గర రైతు బంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. విత్తు వేయకముందే రైతు చేతికి డబ్బు ఇవ్వడం మంచి ఆలోచన. షావుకారి గడప తొక్కకుండా దుక్కి దున్నుకున్న రెండెకరాల రైతులను మేము చూశాం, కాదనం. కానీ భూమికి పరిమితి పెట్టలేదు. నలభై ఎకరాలుంటే నలభైకీ ఇచ్చారు. బీడుకు ఇచ్చారు, వెంచర్లకూ ఇచ్చారు. 2023 దాకా పంచింది 70 వేల కోట్ల పైమాటే. కౌలుదారుకు మాత్రం ఇవ్వబోమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగంగానే చెప్పారు.

కౌలు ముందే కట్టాలి. ఎరువు, మందు, కూలి అన్నీ వడ్డీ మీదనే. పట్టా లేకుంటే బ్యాంకు గుమ్మం ఎక్కనీయదు. 2018 ఆగస్టు 15 నుంచి వచ్చిన రైతు బీమా 5 లక్షలు కూడా పట్టాదారుకే. సొంత గుంట లేని కౌలు రైతు అప్పులకు బలైపోతే ఆ ఇంటికి ఆ బీమా లేదు. ప్రభుత్వ లెక్కలో అతను రైతే కాదు మరి!

2022 మే 6న వరంగల్ సభలో కాంగ్రెస్ కౌలు రైతుకూ ఎకరానికి 15 వేలు ఇస్తామన్నది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైతే అది 12 వేలైంది, కౌలు రైతు మళ్లీ జాబితా బయటే మిగిలాడు. ఎవరి నుంచి విడిపోయామో ఆ రాష్ట్రం 2019లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏడాదికి 13,500 ప్రకటించింది. యజమాని సంతకం లేనిదే కార్డు రాదు కనుక అక్కడా అందరికీ అందలేదు. అయినా చట్టంలో ఒక పేరైతే పెట్టారు. మనకు ఆ పాటి సిగ్గు కూడా లేకపాయె.

పేరు రాస్తే భూమి పోతుందని పట్టాదారుల భయం. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులొచ్చిన గడ్డ ఇది, భయానికి కారణం లేకపోలేదు. కానీ 2011లో ఉమ్మడి అసెంబ్లీ చేసిన కౌలుదారుల చట్టం వేరు. అందులో కార్డు ఒక్క ఏడాదికే, యాజమాన్యం జోలికి పోదు. ఆ చట్టాన్ని మన రాష్ట్రంలో అటకెక్కించారు.

ఉద్యోగ మిత్రులారా, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో మనతో రోడ్డు మీద కూర్చున్నోళ్లలో పట్టా ఎవరికుందని మనం అడగలేదు. ఇప్పుడు సాయం పడుతున్న ఖాతాల్లో మనవీ ఉన్నాయి. అందుకే ఈ మాట మనమే ముందు ఎత్తాలి. వచ్చే వానాకాలానికి ముందే ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో రాయాలి. 2011 చట్టం కింద కార్డులివ్వాలి. పెట్టుబడి సాయం, బీమా ఆ కార్డుకే ముడిపెట్టాలి. మన భూమి కౌలుకిచ్చిన వాళ్లం ఆ సభలో లేచి సాగుదారు పేరు మనమే చెప్పాలి.