నాలుగోసారి చెప్పిన మాట

ఒకే మాటను ఎవరైనా రెండోసారి చెబితే మనకు విసుగు పుడుతుంది. మూడోసారి చెబితే వినడమే మానేస్తాం. వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ నేనూ అదే చేశాను. పదవీ విరమణ తరువాత ఆ లోపాన్ని నాకు ఎత్తిచూపింది ఏ వైద్యగ్రంథమూ కాదు, ఒక గిటారు ఆల్బం.

అది ఆంగ్లేయులైన రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో కలిసి 1975లో వెలువరించిన ‘ఈవెనింగ్ స్టార్’. ఇందులో పాడేవారు లేరు, డప్పుల దరువు లేదు. వారి పద్ధతి ఇది: రెండు టేపురికార్డర్లను ఎడంగా ఉంచి, ఒకే టేపును రెండింటి గుండా నడిపిస్తారు. మొదటిది గిటారు స్వరాన్ని ముద్రిస్తుంది. కొన్ని క్షణాల తరువాత రెండవది దానిని వినిపిస్తూ, తిరిగి మొదటిదానికే పంపుతుంది. ఆ స్వరం ప్రతి చుట్టుకూ కాస్త మసకబారుతూ, కొత్త స్వరాలతో కలుస్తూ మళ్లీ మళ్లీ వస్తుంది.

తంబురా శ్రుతి ఎరిగిన మన చెవికి ఇది మరీ పరాయిది కాదు. మారనట్టు తోచేదే, శ్రద్ధగా వింటే మారుతూ ఉంటుంది. గుండె చప్పుడూ అంతే. ఆరోగ్యవంతుని గుండె సైతం గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కొంచెం వేగిరపడి, విడిచినప్పుడు నెమ్మదిస్తుంది. స్టెతస్కోపుతో ఇంత సూక్ష్మాన్ని విన్న నేను, మనుషుల మాటను మాత్రం వినలేదు.

రక్తపోటు పరీక్షకు నెలనెలా వచ్చే ఒక పెద్దావిడ “నిద్ర పట్టడం లేదు బాబూ” అనేది. నేను మాత్రలు వ్రాసి పంపేవాడిని. నాలుగోసారి అదే మాటకు “ఇంట్లో అలికిడే లేదు” అని చేర్చింది. అప్పుడూ మాత్రలే వ్రాశాను. ఆమె భర్త పోయి ఏడాదైనా కాలేదని తరువాత నర్సు చెబితే తెలిసింది.

ఈ సంగీతం ఔషధమని నేను చెప్పను. ఆల్బం మొదటి వైపున ఉన్న నాలుగు రచనలు ప్రశాంతమైనవి, సుమారు 20 నిమిషాలు. రెండవ వైపు 28 నిమిషాల ‘యాన్ ఇండెక్స్ ఆఫ్ మెటల్స్’ క్రమంగా కరకుగా మారి కలవరపెడుతుంది. నిద్రకు ముందు వద్దు. వారాల తరబడి నిద్ర పట్టనివారు వైద్యుని సంప్రదించాలే గాని, సంగీతంతో సరిపెట్టుకోరాదు.

నా మనవి ఒక్కటే. ఫోను పక్కనబెట్టి, తక్కువ ధ్వనిలో మొదటి వైపు ఒకసారి వినండి. ఆపైన మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చోండి. కొద్ది నిమిషాలకే అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారా? జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. పాత సంగతే మళ్లీ చెబుతున్నారా? “ఇది నిన్ననే చెప్పారుగా” అనకండి. ఈసారి అందులో కొత్తగా చేరిన మాట ఏమిటో వినండి.