విమానముల మరమ్మతు: పరీక్షకుల ధర్మము

బియ్యమేఱిన పిదప మరల నొకమాఱు చేటలో బోసికొని వెలుతురున జూచుకొను నిల్లాలిని ఇరుగుపొరుగువారు చాదస్తురాలందురు. కాని పంక్తిని గూర్చున్నవారి పండ్లను గాపాడునది యా చాదస్తమే. పని చేయుట యొక విద్య. చేసిన పనిని బరీక్షించుట వేఱొక విద్య. ఈ రెండవ విద్యను జీవనవృత్తిగా గైకొన్నవారిలో విమానముల మరమ్మతుశాలలయందలి పరీక్షకులు ముఖ్యులు. ఈ మాసమున వారిని గూర్చి సోదరీమణులకు గొంత విన్నవింపదలచితిమి.

విమానములతో మనకేమి యని శంకింప బనిలేదు. మా మేడిపల్లి మొదలుకొని కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వఱకు గల పల్లెలలో గల్ఫుదేశములకు బోయినవారు లేని వాడ యరుదు. దుబాయికో, మస్కటుకో పోవు కుమారునకు బొట్టుపెట్టి సాగనంపిన తల్లి, వాడు దిగి ఫోను చేయువఱకు దీపము ముందు గూర్చుండును. ఆమె మ్రొక్కులు లెక్కపెట్టువాడు దేవుడు. ఆ విమానపు మరలు లెక్కపెట్టువాడును ఒకడుండవలెను గదా!

శంషాబాదున 2008వ సంవత్సరమున తెఱవబడిన విమానాశ్రయము చెంతనే జీ.ఎం.ఆర్. ఏరో టెక్నిక్ అను సంస్థవారి మరమ్మతుశాల యున్నది. 2025 నవంబరు 26వ తేదీన సఫ్రాన్ అను ఫ్రెంచి సంస్థవారి కర్మశాల, లీప్ అను పేరుగల ఇంజనుల మరమ్మతునకై, అచ్చటనే ప్రారంభమైనది. పూర్తిస్థాయి నందుకొన్నపుడు అది యేటికి 300 ఇంజనులను బాగుచేయునట్లు నిర్మింపబడినది.

విమానము చెడినపుడే గాక, ఎగిరిన గంటలను, ఎక్కిదిగిన పర్యాయములను, గడచిన కాలమును బట్టి నియమితముగా శాలకు వచ్చును. పెద్ద పరీక్షయందు ఆసనములను, నేలపలకలను దీసి లోని చట్రమును జూతురు. కంటికి గానరాని బీటలను గనుగొనుటకు రంగుద్రవము పూసి, తుడిచి, బీటలో దాగిన రంగు మరల పైకి వచ్చుటను గనిపెట్టుదురు. చెవికి వినబడని ధ్వనితరంగములను లోహములోనికి బంపియు లోపమును దెలిసికొందురు. మరలను బిగించు రెంచికి సైతము నిర్ణీతకాలమున బరీక్ష గలదు. గడువు మీఱిన రెంచిని ముట్టరాదు. ప్రతి పనిముట్టునకును బెట్టెలో దాని యాకారముగల గూడుండును. పని ముగిసిన పిదప నొక గూడు ఖాళీగా గనబడెనా, అందలి పనిముట్టు జాడ తెలియువఱకు విమానము గదలదు. పెండ్లివంట ముగిసినపుడు గరిటెలు లెక్కింపక వంటయింటికి దాళము వేయని పెద్దమ్మలకు ఈ నియమము క్రొత్త గాదు.

ఇంత చాదస్తమేల యనువారికి 1990 జూన్ 10వ తేదీన ఇంగ్లండున జరిగిన సంగతి చాలును. బర్మింగుహాము నుండి స్పెయినుదేశమునకు బోవు బ్రిటిష్ ఎయిర్వేస్ విమానము పదునేడువేల యడుగుల యెత్తున నుండగా, నాయకుని ముందరి యద్దము ఊడిపోయెను. ఆయన దేహము సగము వెలుపలికి లాగబడెను. సిబ్బంది ఆయన కాళ్లను బట్టుకొని యుండగా, సహచాలకుడు విమానమును సౌతాంప్టనులో దింపెను. అందున్న 87 మందియు, నాయకునితో సహా, బ్రదికిరి. విచారింపగా, ఆ యద్దమును గొద్దికాలము క్రిందటనే మార్చిరనియు, బిగించిన 90 మరలలో 84 ఉండవలసినదానికంటె సన్ననివనియు దేలినది. భేదము మిల్లీమీటరులో మూడింట రెండుపాళ్లు మాత్రమే! మార్చినవాడు అనుభవజ్ఞుడే. కాని పాత మరను చేతబట్టి, దానికి దీటైన దానిని కంటితోనే యెంచుకొనెను, పుస్తకము జూడలేదు. ఆ పనిని మఱియొకరు పరీక్షింపవలెనను నియమమును అపుడు లేకపోయెను.

చేసినవాడెంత నేర్పరియైనను దన పనికి దానే సాక్షి కారాదు. మన దేశమున పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమువారి నిబంధనల ప్రకారము, నాణ్యతను విచారించు నధికారి పని చేయించు నధికారికి లోబడి యుండరాదు. సంస్థకు బాధ్యుడైన పెద్దకు నేరుగా జెప్పగలిగి యుండవలెను. కారణము స్పష్టము. విమానము నేలమీద నిలిచిన దినమెల్ల యజమానికి నష్టము. కావున "పోనిండు, పంపివేయుడు" అను తొందర పైనుండి వచ్చును.

పరీక్ష స్వార్థముతో గూడినచో నెట్లు చెడునో బీడీలు చుట్టు మన సోదరీమణులకు జెప్పనక్కఱలేదు. తీసివేసిన బీడీలకు గూలి యీయక వానిని దానే యుంచుకొనువాడు పరీక్షకుడైనచో, మంచి బీడీయు జెడ్డదగును. అచ్చట తిరస్కరించుటలో లాభము. ఇచ్చట అంగీకరించుటలో లాభము. లాభమునకెడముగా నిలిచినపుడే పరీక్ష పరీక్ష యనిపించుకొనును. భారతమున నలోపాఖ్యానము చదివినవారికి జ్ఞాపకముండును: బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱములను దేగా ఋతుపర్ణుడు శంకించెను. బాహుకుడు వాని లక్షణములను జెప్పి, ఇవియే పోగలవనెను. ప్రభువు ముఖమును గాక లక్షణమును జూచుటయే పరీక్షకుని ధర్మము.

ఈ వృత్తి పురుషులకే యని యెచ్చటను లేదు. ఇంటరులో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదివిన బాలికలు ఆమోదము పొందిన విద్యాలయమున జేరి, పరీక్షలు నెగ్గి, విమానములమీద బని నేర్చి, లైసెన్సు పొందవచ్చును. అట్టి లైసెన్సు గలవారి చేవ్రాలు లేనిది మరమ్మతైన విమానము ఎగురరాదు. ఒక కుట్టు తప్పినచో రవికనంతయు విప్పి మరల గుట్టు నోర్పు మన బాలికలకు గలదు. ఆ యోర్పునకు జీతమును, గౌరవమును గూర్చు వృత్తి యిది. తల్లిదండ్రులు గణితమనిన భయపెట్టక, ఈ త్రోవను గూడ బిడ్డలకు జూపింతురు గాక.

కడపటి మాట. "విమానము మరమ్మతునకై యాగినది, నాలుగు గంటలాలస్యము" అని మనవారు శంషాబాదు నుండి విసుగుతో ఫోను చేసినపుడు, వారితో గలిసి విసుగుకొనకుడు. ఎవరో యొక పరీక్షకుడో, పరీక్షకురాలో చేవ్రాలు చేయుటకు సమ్మతింపలేదని తెలిసికొనుడు. ఆలస్యముగా వచ్చిన బిడ్డకు అన్నము మరల వేడిచేసి పెట్టవచ్చును.