ఆకులకు ముందు పూచు నక్కవుల్లి



గడ్డియంతయు మాడిపోయిన చైత్ర వైశాఖములలో, గుట్టలయందును బీళ్లయందును, ఒక్క ఆకైన లేకుండ నేలనుండి నిట్టనిలువుగా కాడయొకటి వెడలి చిన్న చిన్న పూలు పూయుచుండుట మీలో పెక్కురు చూచియే యుందురు. దానినే నక్కవుల్లి యనియు, అడవియుల్లి యనియు పిలుతురు. ఆకులు లేని మొక్కకు పూలెట్లు వచ్చునని సంశయము కలుగుట సహజమే.

అందులకు సమాధానము నేలలోపల నున్నది. వానకాలమున ఈ మొక్కకు పొడవైన ఆకులు మొలచును. అవి సిద్ధపఱచిన యాహారము గడ్డపొరలలో చేరును. వానలు వెనుకపట్టి నేల యెండగానే ఆకులు వాడిపోవును. గడ్డ మాత్రము నిదురించును. వేసవిలో ఆ నిలువతోనే అది పూయును. గింజలు నల్లనివి, పలుచనివి, గాలికెగురునవి. తొలకరికి ముందే అవి చెదరినచో వానతోడనే మొలకెత్తుటకు వీలగును.

ఐనను ఒకే గుట్టమీది గడ్డలన్నియు నొకేతీరున నడవవు. చాలినంత నిలువలేని చిన్నగడ్డ ఆ యేడు పూయక ఆకులు మాత్రమే వేయును. మఱియు మనదేశపు నక్కవుల్లులలో జీవకణమునకు 20, 30, 40 క్రోమోసోములు గల భేదములున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మధ్యధరా తీరమందలి దీని జ్ఞాతి, అక్కడి వానలు శీతకాలమున పడుటచే, వేసవి చివర పూచి పిమ్మట ఆకులు వేయును. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమునందే గ్రీకుపండితుడగు థియోఫ్రాస్టసు దాని పూతకును దుక్కికాలములకును గల సంబంధమును వ్రాసియున్నాడు.

గృహిణులకు మేము ముఖ్యముగా చెప్పదలచినది వేఱొకటి కలదు. ఆకు, పువ్వు రెండును లేని నెలలలో ఈ గడ్డ అచ్చముగా ఉల్లిగడ్డవలె కానవచ్చును. కాని దీనియందు గుండెపై పనిచేయు విషము కలదు. రుచి చేదు, రసము తగిలినచో ఒడలు దురద పుట్టును. కోసినపుడు ఉల్లివాసన రాదు. అట్టి గడ్డను పొయ్యికడకు రానీయరాదు. దగ్గుమందులలో దీనిని వాడుదురన్న మాట నిజమే. అది విని మనమే యింట మందు చేయబూనుట ప్రాణాపాయకరము. పిల్లలు ఆటలో త్రవ్వితెచ్చిన గడ్డలు వంటయింటి ఉల్లిబుట్టలో చేరకుండ చూచుకొనవలయును. తెలియక యెవరైన తిన్నచో జాగుచేయక, మిగిలిన గడ్డతో సహా వైద్యునికడకు గొనిపోవలయును.

ఇంతమాత్రమున బీటిలో పూచినదానిని పెఱికివేయ నక్కఱలేదు. వేసవిలో పూచినపుడే పిల్లలకు దానిని చూపి, పేరు చెప్పి, గుణము తెలిపి యుంచిన చాలును.