జంధ్యం వడకడం మరచిన చేతులు

శ్రావణ పూర్ణిమ సమీపించగానే యజ్ఞోపవీత మహిమను వర్ణించే ప్రవచనాలకు కొదవ ఉండదు. 96 బెత్తెల కొలతకు అర్థం చెప్పడం అందులో ప్రధానఘట్టం. తిథులు 15, వారాలు 7, నక్షత్రాలు 27, తత్త్వాలు 25, వేదాలు 4, గుణాలు 3, కాలాలు 3, మాసాలు 12. కూడిక సరిపోతుంది, సభ సంతోషిస్తుంది. వక్త భుజంపై వ్రేలాడేది మాత్రం పూజాద్రవ్యాల దుకాణంలో పొట్లంగా కొన్న యంత్రసూత్రం. దానిలో ఎన్ని పోగులున్నాయో ఆయన ఎన్నడూ విప్పి చూసి ఉండడు.

శాస్త్రం సంఖ్యతో తృప్తిపడలేదు, నిర్మాణక్రమాన్ని విధించింది. మూడు పోగులను కలిపి ఒక దిశలో పురి పెట్టాలి. అట్టి మూడు పేటలను చేర్చి ఎదురుదిశలో పురి పెట్టాలి. ఊర్ధ్వవృతం, అధోవృతం అన్న పదాలకు తాత్పర్యమిదే. ఈ దిశాభేదానికి కొందరు గ్రహగతులనూ విద్యుత్ప్రవాహాలనూ కారణంగా చూపుతారు. తకిలీ పట్టినవానికి ఆ కల్పనలతో పనిలేదు. పురి తిరిగిన పోగు విప్పుకొనడానికే యత్నిస్తుంది. ఎదురు పురి పడినప్పుడు ఆ యత్నమే పేటలను మరింత బిగిస్తుంది, సూత్రం నిశ్చలంగా నిలుస్తుంది. రెండుమార్లూ ఒకే దిశలో త్రిప్పితే వదలిన మరుక్షణమే అది మెలికలు పడి ముడుచుకుంటుంది. ఒక్కసారి చెడగొట్టి చూసినవాడికి ఇది జీవితాంతం గుర్తుంటుంది. వందసార్లు విన్నవాడికి ఉండదు.

గాయత్రియే ప్రధానం, దారం బాహ్యోపాధి మాత్రమే అని సమాధానం చెప్పేవారున్నారు. బ్రహ్మోపనిషత్తు జ్ఞానమయ సూత్రాన్ని ప్రశంసించిన మాట నిజమే. పరమహంస పరివ్రాజకుడు బాహ్యసూత్రాన్ని విసర్జించే మాటా నిజమే. అయితే ఆ వాదం విసర్జించినవానికి శోభిస్తుంది. ధరిస్తూ, దాని ప్రతి తంతువుకూ దేవతను చెబుతూ, చేయడం దగ్గరకు వచ్చేసరికి మాత్రం వేదాంతాన్ని ఆశ్రయించడం సోమరితనం. తీరిక లేదన్న వాదమూ నిలువదు. దూది ఏకులు, ఒక తకిలీ, కొన్ని సాయంత్రాలు. ఇంతకుమించి కావలసినది లేదు.

వడకడం అల్పకార్యమన్న భావన ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. అగ్రహారాలలో ఈ నూలు వడికినవారిలో అనేకులు వృద్ధస్త్రీలు, అందునా వితంతువులు. వారి వ్రేళ్ల నుండి వచ్చిన నూలు పవిత్రమైంది. వారు ఎదురుపడితే అపశకునమైంది! ఈ వైపరీత్యాన్ని ఆనాటి పండితులు ప్రశ్నించలేదు. వారి విద్యను నేర్చుకోవాలని నేటివారికి తోచలేదు. ఇక జంధ్యం ఒక్క వర్ణపు సొత్తు అన్నట్లు మాట్లాడేవారు, అదే పూర్ణిమను నూలు పున్నమిగా ఆచరించి నూతన జంధ్యం ధరించే పద్మశాలీలను స్మరించాలి. నూలు తెలిసినవారి పండుగ అది.

ఉపనయనానికి మండపమూ ఛాయాచిత్రకారుడూ నెలల ముందే కుదురుతారు. ఆ నెలలలోనే వటువు చేతికి తకిలీ అందించవచ్చు. మొదటి నూలు తెగుతుంది, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా వస్తుంది. పదవ దినానికి చేయి కుదురుతుంది. తండ్రికీ రాకుంటే ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు.